ఇది ఇంతే అనుకునే చోట

తెల్లవారింది. బోరింగు దగ్గర బిందెలు వరుసగా ఉన్నాయి. ఒకామె బిందె నింపి చంకన పెట్టుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది. బిందెను ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మార్చుకుంది. మళ్ళీ నడిచింది.

వెనక వస్తున్నామె అడిగింది.

"నడుం నొప్పిగా ఉందా వదినా?"

"ఎప్పుడూ ఉండేదేలే. ఇది ఇంతే."

నాట్లు వేసే చోట ఇదే మాట. పొయ్యి ఊదే చోట ఇదే మాట. బీడీలు చుట్టే అరుగు మీద, మిరపకాయలు ఏరే కల్లంలో ఇదే మాట. "మా అత్త చేసింది. నేను చేస్తున్నా. రేపు నా కోడలు చేస్తుంది. ఇది ఇంతే."

ఈ పాఠం ఆ మాట గురించే. ఒక ఇంట్లో ఆ మాటతో సరిపెట్టుకోలేదు. ఆ ఇంటి సంగతి ముందు చదవండి.

లక్ష్మి చెయ్యి

పోచంపల్లి చీర పేరు వినని వారు తక్కువ. ఆ చీర మీద పూలుంటాయి, గళ్ళుంటాయి, చిలకలుంటాయి. అవి అచ్చు వేసినవి కావు. సూదితో కుట్టినవీ కావు. నేయక ముందే దారానికి రంగులు ఎక్కిస్తారు. ఎక్కడ ఎరుపు రావాలి, ఎక్కడ తెలుపు ఉండాలి అన్నది దారం మీదే ముందుగా తేలిపోతుంది. ఆ దారం మగ్గం మీదికి వెళ్ళాక, పోగు పక్కన పోగు పడుతుంటే బొమ్మ కనబడుతుంది. పోగు కాస్త పక్కకు జరిగిందా, చిలక ముక్కు వంకర పోతుంది.

దారానికి ఇట్లా రంగు వేయాలంటే ముందు దాన్ని ఒక వరుసలో పరుచుకోవాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. అందుకు ఒక చట్రం ఉంటుంది. చట్రానికి ఒక చివర ఒకే మేకు. రెండో చివర అర్ధచంద్రంలా వరుసగా నలభై దాకా మేకులు. మధ్య దూరం సుమారు ఒక మీటరు. దారాన్ని ఈ మేకుకు తగిలించి ఆ మేకు దాకా లాగాలి. అక్కడ తిప్పి మళ్ళీ ఇటు తేవాలి. మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. ఏ మేకుకు ఎన్ని చుట్లు పడ్డాయో లెక్క తప్పకూడదు. పిల్ల ఏడ్చినా, పొయ్యి మీద అన్నం పొంగినా మనసులో లెక్క నడుస్తూనే ఉండాలి.

ఒక్క చీరకు చెయ్యి ఇట్లా 9 వేల సార్లు ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18 వేల సార్లు.

ఒకసారి లెక్క వేసి చూడండి. చెయ్యి ఒకసారి ఆడితే ఒక మీటరు. 9 వేల సార్లు ఆడితే 9 వేల మీటర్లు. అంటే 9 కిలోమీటర్లు. రెండు చీరలకు 18 కిలోమీటర్లు. కూర్చున్న చోటు నుంచి లేవకుండా, ఒక్క చెయ్యి 18 కిలోమీటర్లు నడిచినట్టు!

ఈ పని ఎవరు చేస్తారు? ఇంట్లో ఆడవాళ్ళు చేస్తారు. మగ్గం మీద కూర్చున్న మనిషిని అందరూ చూస్తారు. చీర ఎవరు నేశారని అడిగితే ఆయన పేరే చెబుతారు. ఆసు పోసిన మనిషి పేరు ఎవరూ అడగరు. ఇల్లు ఊడవడం, అంట్లు తోమడం ఎట్లాగో ఇదీ అట్లాగే ఇంటి పని కింద జమ. విడిగా కూలి లేదు.

ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరుంది. అప్పట్లో అది నల్లగొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఆ ఊళ్ళో లక్ష్మి అనే ఆమె ఏళ్ళ తరబడి ఆసు పోసింది. భుజం నొప్పి. మోచెయ్యి నొప్పి. రాత్రి పడుకుంటే చెయ్యి ఎటు పెట్టుకోవాలో తెలియని నొప్పి. ఆమె కొడుకు చింతకింది మల్లేశం. ఆరో తరగతితో చదువు ఆగింది. మగ్గం పనిలో పడ్డాడు. అతను నేసే ప్రతి చీర వెనకా తల్లి చెయ్యి 9 వేల సార్లు ఆడాలి.

ఒక దశలో తల్లి ఇక తన వల్ల కాదని చెప్పేసింది. ఈ పని వదిలి వేరే పని ఏదైనా చూసుకొమ్మంది.

ఇది చిన్న మాట కాదు. ఆసు ఆగితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే పొయ్యి వెలగదు. నేత తప్ప వేరే పని రాని ఇల్లు. ఇట్లాంటి చోట చాలా ఇళ్ళలో ఏం జరుగుతుంది? తల్లి చెయ్యికి కొబ్బరి నూనెతో మర్దన చేస్తారు. రెండు రోజులు ఆగి మళ్ళీ ఆసు ముందు కూర్చోబెడతారు. లేదా కోడలు వస్తే ఆ చోట్లో కోడల్ని కూర్చోబెడతారు. నొప్పి ఒక చెయ్యి నుంచి ఇంకో చెయ్యికి మారుతుంది. అంతే.

మల్లేశం వేరేగా ఆలోచించాడు. ఈ కదలికను చెయ్యే ఎందుకు చేయాలి? యంత్రం చేయకూడదా?

ఏడేళ్ళు

1992లో అతను ఈ పని మొదలుపెట్టాడు. అతను ఇంజనీరు కాదు. గీతలు గీయడం నేర్పిన వారు లేరు. తల్లి చెయ్యి ఎట్లా కదులుతుందో చూశాడు. దారం అటు పోతుంది, ఇటు వస్తుంది. అది ఒక కదలిక. మేకు చుట్టూ తిరుగుతుంది. అది ఇంకో కదలిక. ఒక మేకు అయ్యాక పక్క మేకుకు జరుగుతుంది. అది మరో కదలిక. మనిషి చెయ్యి ఇవన్నీ ఒకేసారి చేసేస్తుంది కాబట్టి ఒకే పనిలా కనబడుతుంది. యంత్రానికి మాత్రం ఒక్కోటి విడివిడిగా నేర్పాలి.

ఒక కదలిక కుదిరింది. డబ్బు అయిపోయింది. మళ్ళీ నేత పని చేసి కూడబెట్టాడు. ఇంకొకటి కుదిరింది. మళ్ళీ డబ్బు అయిపోయింది. ఉన్న డబ్బంతా ఇనప ముక్కలకు పోస్తున్నాడని ఊళ్ళో నవ్విన వారు నవ్వారు. వారిని తప్పు పట్టడానికీ లేదు. అప్పు చేసిన ఇంటిని చూస్తే ఎవరికైనా భయమే.

చివరికి పని పూర్తి కాకుండానే హైదరాబాదు వెళ్ళి కూలి పనిలో చేరాడు. కానీ మనసులో ఆసు తిరుగుతూనే ఉంది. ఒకరోజు బాలానగర్‌లో పని చేస్తుండగా అక్కడ ఒక యంత్రం కదలిక చూశాడు. తనకు ఇన్నేళ్ళుగా కుదరని కదలిక అదే! ఆ యంత్రం దగ్గర రోజూ పని చేసే వారు ఎందరో ఉంటారు. వారికి అది ఒక యంత్రం, అంతే. తల్లి చెయ్యి మనసులో ఉన్న మనిషికే అందులో ఆసు కనబడింది.

1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయింది. రోజుకు రెండు చీరలకు బదులు ఆరు చీరలకు ఆసు పోయవచ్చు. చెయ్యి ఆడించే పని లేదు. దారం తెగిందా, కండె అయిపోయిందా అని చూసుకుంటే చాలు. ఆ యంత్రానికి అతను తల్లి పేరు పెట్టాడు. లక్ష్మి ఆసు యంత్రం.

తర్వాత ఆ యంత్రాలు చాలా నేత ఇళ్ళకు చేరాయి. 2017లో మల్లేశానికి భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2019లో అతని పేరుతోనే సినిమా వచ్చింది. అయితే ఒక మాట ఉంది. యంత్రం కొనాలంటే డబ్బు కావాలి. అది నడవాలంటే కరెంటు కావాలి. ఈ రెండూ లేని ఇంట్లో చెయ్యే ఆడాలి. కొత్తది వచ్చినంత మాత్రాన అందరికీ ఒకేసారి అందదు.

ఇంకో సంగతి కూడా చూడండి. ఆసు పోశాక దారం మీద రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కట్టాలి. ఆ కట్లు కట్టడానికి పోచంపల్లి వైపు సైకిల్ ట్యూబు వాడతారు. ట్యూబును సన్నని పట్టీలుగా కోస్తారు. రబ్బరు కాబట్టి బిగుతుగా పట్టుకుంటుంది. రంగు నీళ్ళు లోపలికి పోవు. పంక్చర్ల మీద పంక్చర్లు పడి పారేసిన ట్యూబు! దాన్ని చూసి "ఇది దారానికి పనికొస్తుంది" అని మొదట అనుకున్నది ఎవరో ఒకరు ఉంటారు కదా. వారికి పద్మశ్రీ లేదు, పేరు లేదు. కానీ పట్టుచీరలు వారి ఆలోచన మీద నడుస్తున్నాయి.

పొగలేని పొయ్యి

ఇప్పుడు చెప్పేది గెలిచిన కథ కాదు.

కట్టెల పొయ్యి పొగ సంగతి ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. కళ్ళు మండుతాయి. దగ్గు వస్తుంది. చంకన ఉన్న పిల్ల కూడా ఆ పొగే పీలుస్తుంది. 1980ల్లో ప్రభుత్వం దేశమంతా పొగలేని పొయ్యిల పథకం పెట్టింది. ఉద్దేశం మంచిదే. మట్టితో పొయ్యి కట్టి, పొగ బయటికి పోవడానికి పైకప్పు మీదుగా గొట్టం పెట్టారు. కోట్ల పొయ్యిలు కట్టారు. మన ఊళ్ళలోనూ కట్టారు.

కొన్ని చోట్ల అవి బాగా పనిచేశాయి. చాలా చోట్ల కొన్నాళ్ళకే మూలపడ్డాయి. ఎందుకు? గొట్టంలో మసి పేరుకుంది. మసి తీయడం ఎట్లాగో చెప్పిన వారు లేరు. గొట్టం పగిలితే ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో తెలియదు. పొయ్యి రంధ్రం ఒక కొలత, ఇంట్లో కుండ ఇంకో కొలత. కట్టెలు చిన్న చిన్న ముక్కలుగా కొట్టి పెట్టాలి. ఆ కొట్టే పని ఎవరిది? మళ్ళీ ఆడవాళ్ళదే. దాంతో గొట్టం పీకేసి, పాత మూడు రాళ్ళ పొయ్యే మేలనుకున్న ఇల్లాళ్ళు ఎందరో. 2002లో ఆ పథకం ఆగిపోయింది.

"ఆడవాళ్ళకు తెలివి లేదు, మంచి పొయ్యి ఇస్తే వాడుకోలేదు" అన్న వారున్నారు. అది తప్పు మాట. పొయ్యి ముందు రోజూ మూడు గంటలు కూర్చునే మనిషిని ముందుగా అడిగి ఉంటే ఈ ఇబ్బందులన్నీ ఆమే చెప్పి ఉండేది. మా ఇంట్లో ఇంత కుండ పెడతాం, మేము కంది కట్టె కాలుస్తాం, వానాకాలం కట్టె తడిసి ఉంటుంది అని చెప్పేది. లక్ష్మి ఆసు యంత్రం ఆసు పోసే ఇంట్లోనే పుట్టింది. చాలా పొయ్యిలు మాత్రం పొయ్యి ఊదని వారి బల్ల మీద పుట్టి ఊళ్ళకు వచ్చాయి.

తర్వాత గ్యాసు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకం పెట్టింది. అయినా సిలిండరు అయిపోయి చేతిలో డబ్బు లేని రోజున చాలా ఇళ్ళలో కట్టెల పొయ్యే వెలుగుతుంది.

చెప్పుకోని సంగతి

కొన్ని ఇబ్బందులను "ఇది ఇంతే" అని కూడా అనరు. అసలు నోరే విప్పరు. అట్లాంటి ఒక సంగతి ఇది.

తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర అరుణాచలం మురుగనాథం అనే ఆయన ఉన్నాడు. వెల్డింగు దుకాణంలో పని చేసేవాడు. 1998లో శాంతి అనే ఆమెతో పెళ్ళయింది. ఒకరోజు ఆమె ఏదో దాచుకుని వెళ్తుంటే చూశాడు. ఏమిటని అడిగాడు. నెలసరి రోజుల్లో వాడుకునే పాత గుడ్డ అది. దుకాణంలో దొరికే ప్యాడ్లు కొనవచ్చు కదా అన్నాడు. కొంటే ఇంటికి పాల డబ్బులు మిగలవని ఆమె జవాబు.

ఆయన దుకాణానికి వెళ్ళి ఒక పొట్లం కొన్నాడు. చేత్తో పట్టుకుని చూశాడు. ఇంత తేలికైన దానికి ఇంత ధర ఎందుకు అనుకున్నాడు. దూది తెచ్చి తానే తయారు చేశాడు. బాగుందో లేదో చెప్పడానికి ఆడవాళ్ళెవరూ ముందుకు రాలేదు. సిగ్గు. చివరికి ఫుట్‌బాల్ లోపలి తిత్తిలో మేక రక్తం పోసి తన ఒంటికే కట్టుకుని పరీక్ష చేసుకున్నాడు. ఊరు అతనికి పిచ్చి పట్టిందంది. భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. తల్లి కూడా వెళ్ళిపోయింది. దుకాణం ప్యాడ్లలో ఉండేది మామూలు దూది కాదని, చెట్ల కలప నుంచి తీసిన పీచు అని తెలియడానికే అతనికి రెండేళ్ళు దాటింది. తర్వాత మహిళా సంఘాలు నడుపుకోగల చిన్న యంత్రం చేశాడు. భార్య తిరిగి వచ్చింది. 2016లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పుకోవాలి. గుడ్డ వాడడం తప్పు కాదు. దాన్ని సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయాలి. మంచం కింద, తడక వెనక చీకట్లో ఆరవేస్తే గుడ్డ సరిగా ఆరదు. చెమ్మ ఉన్న గుడ్డలో క్రిములు పెరుగుతాయి. ఎండకు సిగ్గు లేదు, మనకెందుకు?

ఇద్దరూ మగవాళ్ళే

ఈ పాఠం చదివిన వారికి ఒక అనుమానం రావాలి. ఆసు నొప్పి ఆడవాళ్ళది. యంత్రం చేసింది మగవాడు. నెలసరి ఇబ్బంది ఆడవాళ్ళది. యంత్రం చేసింది మగవాడు. ఆడవాళ్ళకు ఆలోచన లేదా?

ఆలోచన ఉంది. తీరిక లేదు. మల్లేశం హైదరాబాదు వెళ్ళి కూలి చేసుకుంటూ బాలానగర్‌లో యంత్రాలు చూశాడు. లక్ష్మిని అట్లా పంపేవారా? ఏడేళ్ళు డబ్బు ఇనుముకు పోస్తే మగవాడిని పిచ్చోడన్నారు. ఆడదాన్ని ఏమనేవారు? ఇల్లు చూసుకోవడం, పిల్లలు, పశువులు. పైగా చేతిలో తనదంటూ పది రూపాయలు లేవు. కనిపెట్టడానికి తెలివి ఒక్కటే చాలదు. కొంచెం పొద్దు కావాలి. కొంచెం డబ్బు కావాలి. చెడిపోయినా తిట్టని మనుషులు కావాలి.

మరి ఈ మూడూ లేని ఆడవాళ్ళు ఏం చేశారో బొంబాయిలో చూడండి.

1959 మార్చి 15. బొంబాయిలో గిర్గాం అనే పేట. ఒక మేడ మీద ఏడుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. అందరూ గుజరాతీ ఇల్లాళ్ళు. పెద్ద చదువులు లేవు. బయటికి వెళ్ళి పొద్దంతా ఉద్యోగం చేసే వీలు లేదు. వాళ్ళకు బాగా వచ్చిన పని ఒకటుంది, అప్పడాలు వత్తడం. 80 రూపాయలు అప్పు తెచ్చారు. మొదటి రోజు నాలుగు పొట్లాలు తయారయ్యాయి. అదే లిజ్జత్ పాపడ్.

అప్పడం కొత్తదా? కాదు. కర్రా, పీటా కొత్తవా? అవీ కాదు. కొత్తది పని పంచుకున్న తీరు. పిండి ఒక్క చోట కలుపుతారు, అందుకని రుచి అంతటా ఒకటే. పొద్దున్నే ఆడవాళ్ళు వచ్చి పిండి తీసుకువెళ్తారు. ఇంట్లో వంట చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ వత్తుతారు. మర్నాడు అప్పడాలు తెచ్చి ఇస్తారు. తూకం వేసి, చూసి, కూలి ఇస్తారు. మళ్ళీ పిండి తీసుకుంటారు. ఆడమనిషి పని దగ్గరికి వెళ్ళలేకపోతే పనే ఆమె ఇంటికి వచ్చింది. పైగా అందులో పని చేసే ఆడవాళ్ళే దానికి యజమానులు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడుగురి వెనక వేలాది మంది చేరారు.

ఇంట్లో వెతకడం

కొత్త ఆలోచన ఎక్కడో ఉండదు. చెయ్యి నొప్పి పెట్టే చోట ఉంటుంది. రోజూ ఏదో ఒకటి పారేసే చోట ఉంటుంది. ఊరికే కాచుకుని కూర్చునే చోట ఉంటుంది. పిల్లలు ఏడ్చే వేళ, రేషను దుకాణం ముందు క్యూలో నిలబడే వేళ ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పటికే మీరు చేసుకున్న చిన్న చిన్న సర్దుబాట్లు చూడండి.

విత్తనాల కుండలో బూడిద కలపడం చాలా ఇళ్ళలో ఉంది. పెద్దవాళ్ళు చెప్పారు కాబట్టి చేస్తున్నాం అంటారు. ఎందుకు పనిచేస్తుందో తెలుసా? మెత్తని బూడిద గింజల మధ్య సందుల్లోకి పోతుంది. పురుగు కదలడానికి చోటు ఉండదు. బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీరేస్తుంది. ఒంట్లో తడి ఆరిపోయి పురుగు చస్తుంది. మందు డబ్బా కొనకుండా చేసిన మందు ఇది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత కూడా అట్లాంటిదే. ఆడవాళ్ళు చేసినవన్నీ "ఇంటి పని" కింద జమ అయిపోతాయి కాబట్టి వాటిని ఎవరూ లెక్కపెట్టరు.

లెక్క అంటే గుర్తొచ్చింది. లక్ష్మి చెయ్యి నొప్పి అన్నంత కాలం అది నొప్పే. ఎవరి నొప్పి వారిది. 9 వేల సార్లు అని లెక్క తేలాక అది ఊరందరికీ అర్థమయ్యే మాట అయింది. సర్కారుకూ అర్థమయింది. ఇప్పుడు మీ చేతిలో అక్షరం ఉంది, అంకె ఉంది. మీరు కూడా లెక్క రాయగలరు. రోజుకు ఎన్ని బిందెలు? ఒక్కో బిందెకు ఎన్ని అడుగులు? వంగి ఎంతసేపు? కట్టెలకు వారానికి ఎన్ని గంటలు? నాలుగు రోజులు రాసి చూడండి. ఇంట్లో మగవారికి ఆ కాగితం చూపించండి. నోటితో చెప్పినప్పుడు వినని వారు కూడా కాగితం మీద అంకె చూస్తే కాసేపు ఆగుతారు.

ఆలోచన తట్టాక వెంటనే అప్పు చేయకండి. ముందు చిన్నగా చేసి చూడాలి. చీపురు కర్ర పొడుగు పెంచితే నడుం వంగడం తగ్గుతుందేమో అనిపించిందా? ఒక్క చీపురుకే కట్టి చూడండి. పది రోజులు వాడండి. పక్కింటి అక్కకు ఇచ్చి వాడమనండి. ఆమె ఏం తప్పులు చెబుతుందో వినండి. తప్పు చెప్పిన మనిషి మీద కోపం వద్దు, ఆమె మీకు ఊరికే పని చేసి పెడుతోంది. బాగుందని తేలాకే పొదుపు సంఘంలో మాట్లాడండి. సంఘం డబ్బు మొత్తం ఒక్క ప్రయత్నం మీద పెట్టకూడదు. పోయినా తట్టుకోగలిగినంతే పెట్టాలి.

ఇట్లా పల్లెల్లో కొత్త వస్తువులు కనిపెట్టిన వారిని వెతికి సాయం చేసే సంస్థలు కొన్ని ఉన్నాయి. హైదరాబాదులో పల్లె సృజన అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే జాతీయ నవకల్పన సంస్థ గుజరాత్‌లో ఉంది. కనిపెట్టిన వస్తువును వేరేవారు తమదని చెప్పుకోకుండా సర్కారు ఇచ్చే హక్కు కాగితం ఒకటుంది. దాన్ని పేటెంటు అంటారు. అది కావాలనుకుంటే వస్తువును నలుగురికీ చూపించక ముందే అడిగి తెలుసుకోవాలి. చాలామంది ముందు చూపించి, తర్వాత బాధపడతారు.

చర్చించండి, రాయండి

1. ఒక చీరకు ఆసు పోయడానికి చేత్తో 5 గంటలు. యంత్రంతో గంటన్నర. ఎంత పొద్దు మిగిలింది? ఆ మిగిలిన పొద్దు ఇంట్లో ఎవరికి దక్కాలి?

2. మీ ఊళ్ళో ఎవరైనా పొగలేని పొయ్యి కట్టించుకున్నారా? దాన్ని ఎందుకు వదిలేశారో, లేదా ఎందుకు ఉంచుకున్నారో వారినే అడిగి నాలుగు వాక్యాలు రాయండి.

3. మీరు రోజూ చేసే ఒక పని పేరు రాయండి. ఆ పనిలో చెయ్యి ఎన్నిసార్లు ఆడుతుందో రేపు లెక్కపెట్టి, పక్కన అంకె వేయండి.

4. మీ అమ్మ ఏ పని చేస్తూ మధ్యలో ఆగి నడుం పట్టుకునేది? ఆ పని ఇప్పుడు మీ ఇంట్లో ఎవరు చేస్తున్నారు? ఆమె పేరు రాయండి.